బాపు కొత్త అర్ర: వినకూడని సలహాలు

మా బాపును కరీంనగర్ తెచ్చుకున్న కొత్తలో, చూడవచ్చిన వాళ్లంతా తలా ఒక సలహా చెప్పిపోయారు. అందరివీ మంచి మనసులే. చాలా సలహాలు నేను పాటించాను కూడా. దానివల్ల ముసలాయన ఎంత అల్లాడిండో చూసినవాణ్ని కాబట్టి, ఇంకో ఇంట్లో ఆ తప్పు జరగొద్దని రాస్తున్నాను.

"ఉన్న నిజం చెప్పెయ్, కుదురుకుంటడు" అన్నది మొదటి సలహా. మాది మిడ్ మానేరు జలాశయం కింద పోయిన ఊరు. మన్వాడ దగ్గర కట్ట లేచినంక చీర్లవంచ, చింతల్‌ఠాణా, కొదురుపాక లాంటి ఊళ్లతో పాటు మా ఊరూ నీళ్ల కిందికి పోయింది. కొన్నేళ్లు పునరావాస కాలనీలో గడిపి, అవ్వ పోయినంక బాపు నా దగ్గరికి వచ్చిండు. పొద్దుగూకితే చాలు, కర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడేవాడు. "ఇంటికి పోత బిడ్డా, బర్లు వచ్చే యాళ్లయింది."

"ఇల్లెక్కడిది బాపూ, మునిగిపాయె గద" అన్నాను. అప్పుడే కబురు తెలిసినట్టు కూలబడి ఏడ్చిండు. మర్నాడు అదే మాట అడిగిండు. నేను అదే జవాబు చెప్పాను. మళ్లీ ఏడ్చిండు. మతి తప్పుతున్న మనిషికి చావుకబురు ఎన్నిసార్లు చెప్పినా తొలిసారి విన్నట్టే ఉంటుంది. వారం రోజులు నా చేతులారా ఆయనకు ఆ దుఃఖం పెట్టాను. ఇప్పుడు ఆ మాట ఎత్తను. "మనకు బర్లు ఎన్నుండె బాపూ?" అంటాను. లెక్క చెప్తాడు, ఏది తన్నేదో, ఏది చేపుకొచ్చేదో చెప్తాడు. ఆ ముచ్చట్లోనే చాయ్ తాగి కూర్చుంటాడు. ఇంటికి పోతానన్నప్పుడల్లా ఇల్లే గుర్తొచ్చిందని అనుకోవద్దు. ఆకలైనా, ఒంటికి వచ్చినా, భయమేసినా నోటికి వచ్చేది ఆ మాటే. ముందు ఆ మూడూ చూడండి.

"పాత సామానంతా పారేయ్, అర్ర కొత్తగుంటే మనసు కొత్తగైతది" అన్నారు. నులక మంచం కాలనీలోనే వదిలేసి, ఎత్తయిన కొత్త మంచం వేయించాను. ఊళ్లో బాపు ఎప్పుడూ ఎడమ పక్కకు దిగేవాడు. ఇక్కడ ఆ పక్కన గోడ. రాత్రి లేచి గోడను తడుముకుంటూ కేకలు పెట్టేవాడు. మంచం తిప్పి వేసేదాకా అది ఆగలేదు. తర్వాత నులక మంచం, అవ్వ కుట్టిన బొంత, ఆయన ఇత్తడి చెంబు తెచ్చి పెట్టాం. మెరిసే టైల్స్ ఆయన కంటికి నీళ్లలాగా కనిపించేవి. ధోతి పైకెత్తి, కాలు ఆనించి చూసి గానీ అడుగేసేవాడు కాదు. ఊరు నీళ్లలో పోయిన మనిషి ఇంకెట్ల అడుగేస్తాడు? కిటికీకి పరదా కట్టి ఆ మెరుపు తగ్గించాం. నల్ల చాప వేయమన్నారు, వేయకండి. అది గుంతలా కనిపిస్తుంది, కాలికీ తట్టుకుంటుంది. అద్దంలో ఎవరో ముసలోడు ఉన్నాడని భయపడితే దాన్ని కప్పేశాం. బాత్రూం తలుపు తెరిచే ఉంచుతాం. లోపల బల్బు రాత్రంతా వెలుగుతుంది.

"ముగ్గురు కొడుకులున్నరు, నెలకొకరు పంచుకోండి" అన్న పెద్దమనుషుల తీర్పు అన్నిటికంటే చెడ్డది. మన దగ్గర ఇది రివాజు. అమ్మానాయినలను వంతులేసుకుంటాం. నా తర్వాత మంచిర్యాలలో ఒక తమ్ముడు, ఆదిలాబాద్‌లో ఒక తమ్ముడు. బాత్రూం ఎటుందో బాపుకు పట్టుబడేసరికి నెల తీరిపోతుంది. మళ్లీ కొత్త గోడ, కొత్త తలుపు. ఒక్క చుట్టు తిప్పి మానుకున్నాం. ఇప్పుడు తమ్ముళ్లే వంతులేసుకుని వచ్చి ఆయన దగ్గర పడుకుంటారు, ఖర్చు ముగ్గురం పంచుకుంటాం.

"పనేమీ చెప్పకు, కూసోబెట్టు" అన్నదీ తప్పే. మా వాడకట్టులో జన్మంతా బీడీలు చేసిన అత్తమ్మ ఒకామె ఉంది. కొడుకు ఇంటికి వచ్చినప్పటినుంచి చీరకొంగును పొద్దంతా చుడుతూ విప్పుతూ ఉండేది. కోడలు ఒక చాట, కొన్ని తునికాకులు తెచ్చి ఒళ్లో పెట్టింది. తంబాకు లేదు, కత్తెర లేదు. ఆమె ఆకు సర్దుకుంటూ కూర్చుంటుంది.

"నిద్రగోలి ఇయ్యి." డాక్టరు రాయని గోలి వద్దే వద్దు. మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోయి, పొంతన లేకుండా మాట్లాడితే అర్ర మీద నెపం పెట్టకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఏదైనా కారణం కావచ్చు. ఒంట్లో నీళ్లు తగ్గడం మన ఎండాకాలంలో మరీ ఎక్కువ. వెంటనే దవాఖానకు తీసుకుపోండి.

"వయసు మీద పడితే అంతే" అని వదిలేయకండి. 2023లో వచ్చిన ఒక అంచనా ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. అది మతి తప్పే జబ్బు. ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

ఒక్క విన్నపం. మీ అవ్వనో బాపునో కొత్త ఇంటికి తెచ్చుకునే ముందు, ఒక రాత్రి వాళ్ల పాత అర్రలో వాళ్ల పక్కన పడుకోండి. మంచం ఏ పక్కకు దిగుతారో, చెంబు కోసం చెయ్యి ఎటు చాపుతారో చూసి రండి.