పేరొస్తుంది మాస్టారూ!

"రాయండి మాస్టారూ, పేరొస్తుంది." ఇంజనీరింగ్ పుస్తకం రాయమని వచ్చే పబ్లిషరు మొదటి మాట ఇదే. డబ్బు మాటెత్తితే మనమే ఏదో బూతు మాట్లాడినట్టు చూస్తాడు.

చిత్రమేమిటంటే, ఈ పేరు రచయితకే రాసిపెట్టి ఉంది. కాగితం వ్యాపారికి పేరిస్తామంటే ఊరుకోడు, లారీ దించకముందే లెక్క తేలాలి. డీటీపీ కుర్రాడికి పేజీకింత, బైండరుకు కాపీకింత. ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ గీసినవాడికి బొమ్మకింత. అది ఎలా పనిచేస్తుందో ఆరు వందల పేజీల్లో చెప్పినవాడికి పేరు! అదీ అట్ట మీద, ధర కన్నా చిన్న అక్షరాల్లో.

రాయల్టీ లేదంటే కళ్లు పోతాయి. నాకు 5 శాతం ఉంది. పుస్తకం ధర 400 రూపాయలు. కానీ శాతం దాని మీద కాదట, "నికర ధర" మీదట. షాపువాడి 40 శాతం పోగా మిగిలేది 240. అందులో నా వాటా 12 రూపాయలు. ఓ కుర్రాడు సెమిస్టరంతా సింక్రనస్ మోటార్‌తో కుస్తీ పడితే, నాకు ఇరానీ చాయ్ కూడా రాదు. ఎన్ని కాపీలు పోయాయంటారా? కోఠీ షాపుల్లో "స్టాకు లేదు" అంటారు, పబ్లిషరు లెక్కలో మాత్రం గోడౌను నిండా ఉంటుంది.

పాత పద్ధతిలో పన్ను కట్టే రచయితకు ఆదాయపు పన్ను చట్టం కింద రాయల్టీపై ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు ఉంది. ఎంత దయ! దాన్ని పూర్తిగా వాడుకోవాలంటే నేను ఏటా 25,000 కాపీలు అమ్మాలి. గైడ్లు రాసేవాళ్లకు ఆ ఊరటా లేదు, చట్టం వాటిని పుస్తకాల్లో జమకట్టలేదు.

ఇక ఒప్పందం. హక్కులిచ్చే కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను చెబుతోంది. ఈ సంగతి మనకన్నా పబ్లిషర్లకే బాగా తెలుసు. అందుకే "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని మరిచిపోకుండా రాయిస్తారు. వరంగల్ దాటని పుస్తకానికి ప్రపంచ హక్కులు!

జేఎన్‌టీయూలో ఆర్18 సిలబస్ పోయి ఆర్22 రాగానే ఫోను మోగింది.

"రెండు యూనిట్లు మార్చాలి మాస్టారూ, పది రోజుల్లో."

"ఏమిస్తారు?"

"ఈసారి మీ పేరు పెద్దక్షరాల్లో వేయిస్తాం."

మాట తప్పలేదు, వేయించారు. అట్ట మార్చినందుకు డీటీపీ కుర్రాడు వేరే బిల్లు పెట్టాడట, ఆ సాయంత్రమే చెల్లించారు.