సువా వెళ్లొచ్చిన తిరుపతి గొడుగు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకునే గొడుగు నల్లబట్టది, ఎనిమిది ఊచలది, వంకీ పిడిది. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక అంగట్లో చాలాకాలం వేలాడి, చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ చేతికి వచ్చింది. గొడుగులకు ‘నేను’ అనుకునే అలవాటు లేదు. కింద ఉన్న తల ఎవరిదన్నదే వాటి ధ్యాస. అందుకే ఇక్కడ అది ‘ఈ గొడుగు’గానే ఉంటుంది.

దక్షిణ రాయలసీమలో గొడుగుకు ఏడాదిలో ఎక్కువ పని ఎండతోనే. వాన పనిలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు ఇస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు ఏ గొడుగూ ఎవరికీ అక్కరకు రాలేదు, అది వేరే సంగతి. ఏప్రిల్ ఆఖరు వారంలో సూర్యుడు తిరుపతికి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మిట్టమధ్యాహ్నం గొడుగు నీడ పట్టుకున్న మనిషి పాదాల చుట్టూనే పడుతుంది. అవే రోజుల్లో ఫిజీ రాజధాని సువాలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి నుంచి దాదాపు 32 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటాడు, ఎందుకంటే ఆ ఊరు భూమధ్యరేఖకు దక్షిణాన 18 డిగ్రీల మీద ఉంది. గొడుగును ఉత్తరం వైపు వంచి పట్టాలి. టీచరమ్మకు ఈ లెక్క ముందే తెలుసు. గొడుగుకు మాత్రం అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఫిజీ దక్షిణ పసిఫిక్‌లో 300కు పైగా దీవుల దేశం. అన్నింటిలోకీ పెద్దదైన వీటీ లెవు దీవి ఆగ్నేయ మూలన సువా ఉంది. 1882లో రాజధాని పాత ఊరు లెవుకా నుంచి ఇక్కడికి మారింది. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుపానులు. మే నుంచి అక్టోబరు దాకా పొడికాలం. ఆస్ట్రేలియా, న్యూజిలాండుల్లో చలి ముదిరే జూన్, జూలైల నుంచి యాత్రికులు గుంపులుగా దిగుతారు, గదుల ధరలు ఎక్కుతాయి. తుపానుల కాలం వెళ్లిపోతూ, రద్దీ ఇంకా మొదలుకాని ఏప్రిల్ చివర, మే నెలలే అటూ ఇటూ కాని నడిమి కాలం. కాగితం మీద తుపానుల కాలం ఏప్రిల్ 30తో ముగుస్తుంది. తుపానులు ఆ కాగితం చదవవు గానీ, ఏప్రిల్‌లో వచ్చిన హెరాల్డ్ లాంటివి (2020 ఏప్రిల్ 8) తక్కువే. టీచరమ్మ ఆ రోజులను ఎంచుకోవడానికి ఇంకో కారణం, తిరుపతిలో అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటడం. దిగింది సువా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే కూతురి ఇంట్లో కాబట్టి గది అద్దె బాధ లేదు.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లు సింగపూరు, హాంకాంగ్ లాంటి చోట్ల విమానం మారి, దీవికి పడమటి వైపున్న నాందీలో దిగుతారు. గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందు నడుస్తుంది. నాందీ నుంచి సువాకు దక్షిణ తీరం వెంబడి క్వీన్స్ రోడ్డు మీద దాదాపు 190 కిలోమీటర్లు. ఈ ప్రయాణమే ఒక భూగోళ పాఠం. బయల్దేరినప్పుడు చెరకు తోటలు, ఎండిన గడ్డి కొండలు, పొడి ఆకాశం. సువా దగ్గరపడేకొద్దీ పచ్చదనం చిక్కబడుతుంది, మబ్బు కిందికి దిగుతుంది, అద్దం మీద చినుకు పడుతుంది.

కారణం ఆగ్నేయం నుంచి ఏడాది పొడుగునా వీచే వ్యాపార పవనాలు. సముద్రం మీద తేమ నింపుకుని వచ్చి అవి వీటీ లెవు కొండలకు ఢీకొంటాయి. దీవిలో ఎత్తైన తోమానివి శిఖరం 1,300 మీటర్లకు పైగా ఉంటుంది. గాలికి ఎదురుగా ఉన్న సువా వైపు వాన కురిసిపోతుంది, కొండల అవతల ఉన్న నాందీ, లౌతోకా పొడిగా మిగులుతాయి. సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చిత్తూరు ప్రాంతంలో పడేది అందులో మూడో వంతు. కాబట్టి ‘పొడికాలం’ అన్న మాట దేశానికి వర్తిస్తుంది, రాజధానికి పూర్తిగా వర్తించదు. మే నెలలో కుండపోతలు తగ్గుతాయి, తుంపర ఆగదు. జూలైలో కాస్త తెరిపి. ఈ వాన చరిత్రను కూడా మార్చింది. సువా పక్కనే రేవా నది ఒడ్డున నౌసోరిలో 1882లో మొదలైన చక్కెర మిల్లును 1959లో మూసేశారు. అంత తడిలో చెరకు ఏపుగా పెరుగుతుంది గానీ దానిలో చక్కెర పట్టదు. చిత్తూరు బెల్లం రుచి తెలిసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు.

సువా సముద్రతీరంలో ఇసుక లేదు. మడ చెట్లు, బురద, రాతి కట్ట. అందుకే చాలామంది యాత్రికులు నాందీలో దిగి పడమటి దీవులకు పోతారు, రాజధాని ముఖం చూడరు. గొడుగు దృష్టిలో ఇది వాళ్ల నష్టమే. అంగళ్ల ముందు కాలిబాటల మీద కప్పులు దించి ఉంటాయి, గొడుగు మూసుకుని చాలా దూరం నడవచ్చు. చాలా బస్సులకు అద్దాలుండవు. చినుకు పడగానే ప్రయాణికులే టార్పాలిన్ తెర కిందికి లాగుతారు. రేవు పక్కన మునిసిపల్ మార్కెట్టులో ‘దాలో’ అనే పెద్ద చామదుంపలు, కర్రపెండలం, కొబ్బరి, పై అంతస్తులో కావా పానీయం చేసే యంగోనా వేళ్ల కుప్పలు. ఈ నడిమి కాలంలో మాత్రమే దొరికే సరుకు ఒకటుంది, దాని పేరు దురుకా. చెరకు జాతి మొక్క విచ్చుకోని పూమొగ్గ అది. పొర ఒలిచి కొబ్బరిపాలలో ఉడికించి తింటారు, భారత సంతతి వాళ్లు కూర వండుతారు. జూలైలో వెళ్లినవాళ్లు దాన్ని చూడలేరు.

థర్‌స్టన్ తోటలోని ఫిజీ మ్యూజియం గుమ్మం దగ్గర ఈ గొడుగు బకెట్టులో నిలబడాల్సి వచ్చింది. లోపల బౌంటీ ఓడ చుక్కాని, కూలి ఒప్పందం కాలపు వస్తువులు ఉన్నాయని బయటికి వచ్చిన టీచరమ్మ మాటల్లోనే తెలిసింది. ఎదురుగా ఆల్బర్ట్ పార్కు. 1928లో పసిఫిక్‌ను మొదటిసారి విమానంలో దాటిన కింగ్స్‌ఫర్డ్ స్మిత్ దిగింది ఆ మైదానంలోనే. దాని ముందు, సముద్రం ఒడ్డున, 1914 నాటి గ్రాండ్ పసిఫిక్ హోటలు.

అయితే తిరుపతి వాళ్లకు సువాలో అసలు చూడదగింది సముద్రంలో ఉంది. వాన తెరిపిచ్చినప్పుడు ఊరికి తూర్పున నుకులావు అనే చిన్న దీవి కనిపిస్తుంది. గిర్మిట్ అని పిలిచే ఐదేళ్ల కూలి ఒప్పందం మీద వచ్చినవాళ్లను మొదట అక్కడే దించి, రోగాలు లేవని తేల్చి, తోటలకు పంచేవాళ్లు. 1879 మే 14న మొదటి ఓడ లియోనిదాస్ కలకత్తా నుంచి వచ్చి లెవుకాలో లంగరు వేసింది. మద్రాసు నుంచి మనుషులను పంపడం 1903లో ఎల్బ్ ఓడతో మొదలైంది. 1916లో చివరి ఓడ వచ్చేనాటికి మొత్తం సుమారు 60 వేల మంది చేరారు. అందులో 15 వేల మంది దాకా మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు. వాళ్లను ఎక్కువగా పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాడు ముందు వరుసలో ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా తిరుపతి ఆ జిల్లాలోనిదే, చిత్తూరు దాని ముఖ్యపట్టణం. ఆ జిల్లా నుంచి పోయినవాళ్లంతా తెలుగువాళ్లు కారు, తమిళులు కూడా ఉన్నారు. ఉత్తరాది వాళ్లకు అందరూ ఒకటే, ‘మద్రాజీలు’. ఒప్పందం రోజుకు మగవాళ్లకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు అంది. అంతంత పని అప్పజెప్పేవాళ్లు, అది పూర్తికాకపోతే ఆ కూలి కూడా చేతికి వచ్చేది కాదు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

పదేళ్లు ఉంటే తిరుగు ఓడ ఖర్చు ప్రభుత్వానిదే అయినా చాలామంది ఉండిపోయారు. దక్షిణాది వాళ్లు 1926లో సాధు కుప్పుస్వామి చొరవతో ఒక సంగం పెట్టుకున్నారు. తెలుగువాళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బళ్లు, గుళ్లు కట్టారు. ఇళ్లలో మాత్రం ఫిజీ హిందీ నిలిచింది, తెలుగు చాలావరకు పెద్దలతో పోయింది. రెడ్డి, నాయుడు పేర్లు నిలిచాయి. అందులో జై రామ్ రెడ్డి ప్రతిపక్ష నాయకుడై, 1997లో ఆదివాసీ నాయకుల మహాసభలో మాట్లాడిన మొదటి భారత సంతతి నాయకుడయ్యాడు.

మే నెలలో వెళ్లడానికి ఈ గిర్మిట్ చరిత్రే పెద్ద కారణం. మొదటి ఓడ వచ్చిన రోజును 2023 నుంచి ఫిజీలో గిర్మిట్ దినంగా సెలవిచ్చి జరుపుతున్నారు. అవే రోజుల్లో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, అందులో భక్తులు కట్టే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. సువా హొవెల్ రోడ్డులో మారెమ్మ గుడి ఉంది. అక్కడ నిప్పుల గుండం తొక్కేది జూలై, ఆగస్టుల్లో. గిర్మిట్ దినం, గుండం రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. టీచరమ్మ గుడికి వెళ్లి, ఖాళీ గుండం చూసి, జాతరకు అందలేదని ఒకసారి, గుండానికి ముందొచ్చానని ఒకసారి అనుకుంది.

రాతి కట్ట మీద వ్యాపార పవనం ఈ గొడుగు ఊచ ఒకటి వంచింది. తిరుపతికి వచ్చాక వీధిలో గొడుగులు బాగుచేసే అతను దాన్ని సరిచేశాడు. ఏప్రిల్, మే నెలల్లో సువా వెళ్లేవాళ్లకు ఈ గొడుగు చెప్పేది ఇంతే: సముద్ర స్నానం కావాలంటే నాందీ వైపే ఉండండి. మన జిల్లా వాళ్లు ఎక్కడ దిగారో చూడాలనుకుంటే సువాకు వెళ్లండి. వెళ్లేటప్పుడు మడత గొడుగు వద్దు, మొదటి గాలికే వెనక్కి తిరుగుతుంది.