సీసాపై ఒక మాట, తెరపై మరో మాట

ఆన్‌లైన్‌లో ఆరోగ్య సప్లిమెంట్లు, అంటే ఆహారానికి అదనంగా మింగే పోషకాల మాత్రలు, పొడులు అమ్మదలచిన వ్యాపారికి కర్మాగారం అక్కరలేదు. వేరొకరు తయారుచేసిన సరుకుకు తన పేరు అంటించుకొనే ‘వైట్ లేబుల్’ పద్ధతి ఉండగా, కావలసినదల్లా ఒక వెబ్‌సైట్, కండలు తిరిగిన ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ (ఆ కండలు ఈ పొడితోనే వచ్చాయా అని అడగడం మర్యాద కాదు). చట్టం దృష్టిలో ఇది మందు కాదు, ఆహారం. కనుక 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్యతో పాటు ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న హెచ్చరికనూ ముద్రించాలి. ఆ హెచ్చరిక సీసాపై చీమ తలకాయంత అక్షరాలలో ఒదిగి ఉండగా, మోకాళ్ల నొప్పి మొదలు మధుమేహం వరకు సమస్తమూ మాయమవుతుందన్న హామీ తెర నిండా వెలుగుతుంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అందుకే జాగ్రత్తపరుడైన వ్యాపారి ఆ హామీని తాను ఇవ్వక, ‘వాడి బాగుపడిన కస్టమర్ల’ చేత ఇప్పిస్తాడు.