ఆగిన ఐరావతం

తొలి బండి అనగా, పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు చేతికందిన వ్యక్తి తన పేరిట మొదటిసారి రిజిస్టరు చేయించుకొనే మోటారు సైకిలు. పూర్వం ఈ స్థానాన్ని తండ్రి పదేళ్లు నడిపి విడిచిన వంద సీసీ బండి అలంకరించేది; దాని ఒంటి నిండా గీతలు అప్పటికే ఉండేవి కనుక, కొత్త గీత పడిన రోజున ఇంట్లో విచారణ సంఘం కూర్చునేది కాదు. ఇటీవల హైదరాబాదులో తొలి బండే తుది బండి కావాలన్న సిద్ధాంతం ప్రబలి, క్లచ్చు ఏ చేతికి ఉంటుందో నిన్న తెలుసుకున్నవారు నేడు భారీ క్రూయిజరుకు అడ్వాన్సు కడుతున్నారు గనుక, ఆ సిద్ధాంతపు గుణదోషాలను విచారించవలసి వచ్చింది.

సీటు నేలకు దగ్గరగా, హ్యాండిల్ ఎత్తుగా, కాళ్లు పెట్టుకొనే చోటు ముందుకు జరిగి, ముందు ఫోర్కు వాలుగా, రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, ఎక్కువగా ఉండే బండిని క్రూయిజర్ అంటారు. తిన్నని రహదారి మీద వంపు అనేదే ఎదురుకాకుండా గంటల తరబడి సాగిపోవడానికి అమెరికాలో రూపుదిద్దుకున్న జాతి ఇది. 1903లో మిల్వాకీలో పుట్టిన హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీని ఈ జాతికి మూలపురుషునిగా చెప్పుకోవచ్చు. అటువంటి రహదారి హైదరాబాదుకు లేదనడం అన్యాయం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. దాని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఉంది. దాని మీదికీ రానివ్వరు. కనుక ఈ బండి స్వధర్మాన్ని నెరవేర్చుకోవడానికి మిగిలిన క్షేత్రం అమీర్‌పేట చౌరస్తా.

చౌరస్తాలో తెలిసివచ్చే ప్రధాన విషయం బరువు. సూపర్ మీటియర్ 650 అనే క్రూయిజర్ 241 కిలోలు తూగుతుంది; స్ప్లెండర్ సుమారు 112 కిలోల దగ్గర ఆగుతుంది. అనగా 25 కిలోల బియ్యం బస్తాలు దాదాపు పదింటిని రెండు చక్రాల మీద నిలబెట్టి, వాటికి 15.7 లీటర్ల ట్యాంకు తగిలించి, క్రోము పూత పూసి, యువకుని కాళ్ల మధ్య పెట్టినట్లు. కదులుతున్న బండి ఏ వైపు ఒరిగితే ఆ వైపునకు ముందు చక్రం తనంతట కొద్దిగా తిరిగి తూకం నిలుపుకొంటుంది కనుక, వేగంలో ఈ బరువు తెలియదు. వేగం సున్నాకు చేరిన క్షణాన ఆ ఉద్యోగం నడిపేవాని కాలికి బదిలీ అవుతుంది. తొలి బండివాని జీవితంలో అధిక భాగం ఆగడంలోనే గడుస్తుందన్న సంగతిని షోరూమువారి కరపత్రం ప్రస్తావించదు.

దీనికి క్రూయిజర్ పక్షంవారి సమాధానం ఒకటుంది: సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లే కనుక రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతాయి, ఇంతకంటె తొలి బండికి కావలసిందేమిటి? ఇందులో సగం సత్యం ఉంది. పాదం ఆనడం సత్యం. ఆనిన పాదం ఆపగలదన్నది భక్తి. యూ టర్న్ తీసుకుంటూ, హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉండగా, ఎదురుగా ఆటో వచ్చిందని ముందు బ్రేకు గట్టిగా పడితే, తిరిగిన వైపునకే బండి మొత్తం వాలుతుంది. ఒక మేరకు వాలిన తరువాత ఏ తొడ కండరమూ దానిని ఒప్పించలేదు. లేపడానికి వచ్చిన నలుగురిలో ఒకరు "ఎంత పడ్డది తమ్మీ?" అని అడుగుతారు. ప్రశ్న ధర గురించే అయినా, ఆ స్థితిలో ఉన్న తమ్మికి అది వేరుగా వినిపిస్తుంది.

సెల్లార్ పార్కింగుది మరొక అధ్యాయం. పల్లానికి ముక్కు పెట్టి గోడ దాకా పోనిచ్చిన బండిని తిరిగి వెనక్కి లాగవలసినది మనిషే. హోండా గోల్డ్ వింగ్ వంటి మహాకాయానికి వెనక్కి నడిచే ఏర్పాటు ఉంటుంది. తక్కినవాటికి ఆ ఏర్పాటును వాచ్‌మన్ అంటారు. 2021లో ఊరూరా మోగిన "బుల్లెట్టు బండి" పాటలో, క్రూయిజర్ కాకపోయినా బరువులో దానికి దాయాది అయిన బండెక్కి వస్తానన్న వధువు ఉన్నది గాని, సెల్లార్‌లో వెనుక నుంచి ఒక చెయ్యి వేస్తానన్న వధువు లేదు.

తొలి బండి విషయంలో ప్రభుత్వం ఏమీ పట్టించుకోలేదనరాదు. ఐరోపాలో 125 సీసీ వరకు ఒక లైసెన్సు, 35 కిలోవాట్ల శక్తి వరకు ఇంకొకటి, ఆపై హద్దులేనిది మరొకటి అని మెట్లు కట్టారు; ఇక్కడ గేర్ల బండికి లైసెన్సు ఒకటే కనుక, పక్కింటివారి చిన్న బండి మీద ఎనిమిది అంకె వేసి చూపినవానికి ఎంతటి ఇంజనునైనా అధిరోహించే అర్హత సిద్ధిస్తుంది. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్లకు 18 శాతం, దాటినవాటికి 40 శాతం జీఎస్టీ విధించారు. చేతనైనదీ లేనిదీ రవాణా శాఖ అడగదు. తాహతు మాత్రం పన్నుల శాఖ చూసుకుంటుంది.

నిర్ణయం ఏమనగా, క్రూయిజర్‌లో దోషం లేదు, దోషం వరుసలో ఉంది. సగం క్లచ్చు మీద, వెనుక బ్రేకును తేలికగా నొక్కి పట్టి, చూపును చక్రం మీద గాక పోవలసిన చోట నిలిపి, నడక వేగంతో మలుపు తిరగడం అనే విద్యను రెండో చేతి చిన్న బండి మీద ఆరు నెలలు అభ్యసించినవానికి ఐరావతమైనా వశమవుతుంది. అభ్యాసం లేనివాని ఇంట అది ముసుగు కప్పుకొని ఆదివారం కోసం ఎదురుచూస్తుంది. వారంలో మిగిలిన ఆరు రోజులూ సందు చివరి దుకాణానికి పోవడానికి అమ్మగారి స్కూటీ తాళం చెవే గతి. పురాణంలో పాలసముద్రాన్ని చిలికిన తరువాత ఇంద్రునికి ఐరావతం దక్కింది. ఇక్కడి ఇంద్రునికి ఐరావతం ముందే దక్కింది. పాల ప్యాకెట్టే ఇంకా తేవలసి ఉంది.