ఈ ఖరీఫ్‌కు బీడు పెడదాం

ఈ-పంట నమోదులో పేరెక్కితేనే కరవు సాయమని మళ్లీ పైనుంచి గుర్తు చేశారు. సంతోషం. అనంతపురం మెట్ట రైతు తరఫున చిన్న విన్నపం: ఆ జాబితాలో ఇంకో పంట చేర్చండి. పేరు బీడు.

నవ్వకండి. చెనిక్కాయతో ఇక్కడ పోటీపడగల పంట ఇదొక్కటే. విత్తనం అక్కర్లేదు కాబట్టి సబ్సిడీ కాయల కోసం క్యూ ఉండదు. ఎరువు వద్దు, మందు వద్దు, బోరు మీద బోరు దించే పని లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పచ్చగా ఉంటుంది, పడకపోతే ఎర్రగా ఉంటుంది. దిగుబడి మాత్రం రెండు రంగుల్లోనూ ఒకటే. కదిరి పరిశోధనా కేంద్రం చెనిక్కాయలో ఇప్పటికే కదిరి-6 ఇచ్చింది, కదిరి లేపాక్షి ఇచ్చింది. ‘కదిరి బీడు’ కూడా విడుదల చేస్తే రైతు రుణపడి ఉంటాడు, అది అతనికి అలవాటే. కణేకల్లు, బొమ్మనహాళ్ వాళ్లకు వేదవతి ఇసుక దిబ్బల రకం ప్రత్యేకం.

నమోదు కూడా సులువు.

“పెద్దాయనా, ఏం పెట్టినావు?”

“బీడు పెట్టినా సార్.”

“ఎప్పుడు?”

“వాన ఎగ్గొట్టిన రోజే.”

“నష్టం ఎంత?”

“ఏమీ పోలేదు సార్. మన్ను మన్నుగానే ఉంది.”

“అయితే నీకేం రాదు. 33 శాతమన్నా పోవల్ల.”

చిక్కంతా ఇక్కడే వచ్చింది. పక్క చేనాయన అరకొర పదునులో గొర్రు తోలి, అప్పు తెచ్చిన కాయలన్నీ నేలపాలు చేసుకున్నాడు. ఆయన అర్హుడు. ఈయనకు నష్టపోవడం చేతకాలేదు, అనర్హుడు.

ఫసల్ బీమాలో మాత్రం ఒక సందు ఉంది. వాన లేక విత్తలేకపోతే బీమా మొత్తంలో 25 శాతం ఇస్తారు. అయితే ఆ బీమా యూనిట్‌లో మామూలుగా సాగయ్యే నేలలో 75 శాతానికి పైగా విత్తకుండా ఉండాలి. అంటే ఒక్కడు బీడు పెడితే బద్ధకం, ఊరంతా పెడితే విపత్తు. కనుక బీడు రైతు ఉత్పత్తిదారుల సంఘం తక్షణ అవసరం.

ఇక మద్దతు ధర. అది అమెరికాలో ఉంది. మన్ను కొట్టుకుపోయే చేలను సాగు నుంచి తప్పించి గడ్డో చెట్లో పెంచితే, 1985 చట్టం ప్రకారం అక్కడి సర్కారే పది, పదిహేనేళ్లు ఏటా కౌలు కడుతుంది. మన దగ్గర అదే పథకాన్ని మేఘాల శాఖ ఎప్పటినుంచో అమలు చేస్తోంది. దరఖాస్తు లేదు, వేలిముద్ర లేదు, లబ్ధిదారుల ఎంపికలో ఎమ్మెల్యే సిఫారసు అసలే లేదు. కౌలు ఒక్కటే బకాయి. వడ్డీతో సహా లెక్క తీయమంటే తీస్తాం.

2016లో రెయిన్‌గన్లు తెచ్చి చెనిక్కాయను కాపాడతామన్నారు. మన్నును కాపాడే గన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ తేలేదు. జానెడు లోతు లేని ఎర్రనేలలో ఏటా చెనిక్కాయే పెట్టించిందెవరు? విత్తనానికి సబ్సిడీ ఇచ్చి, ఎండితే సాయమిచ్చి, దున్నకుండా ఆగినవాడికి సున్నా చుట్టిందెవరు? వాన రాదని తెలిసీ సాయం కోసం విత్తుతున్నారని రైతును ఎగతాళి చేస్తారు. ఆ విద్య నేర్పింది మీ నిబంధనే కదా! లెక్కలో ఉండటానికి అప్పు చేసి విత్తుతాడు, ఎండిన కట్టెకు ఫోటో తీయించుకుంటాడు, బెంగళూరు బస్సెక్కుతాడు. ఆ దున్నిన మన్ను గాలికి లేచిపోతుంటే ఏ పంచనామా జరగదు.

గట్లు వేసినవాడికి, కొర్రలో కంది కలిపి విత్తినవాడికి, గడ్డి పెంచి గొర్రెలకు వదిలినవాడికి ఎకరాకు ఇంతని ఏటా కట్టండి. పంట పోయాక ఇచ్చే డబ్బులో పావు వంతు మన్ను పోకముందే ఇవ్వండి. అదీ చేతకాదంటే, అనంత రైతుకు సేద్యం తెలియదని సమీక్షల్లో పాఠాలు చెప్పడమైనా మానుకోండి.