చాల్సే చక్రాలు: కారుకి అలాయ్‌లు కొనే పద్ధతి

అలాయ్ చక్రాలు కొనడానికి మంచి కాలం డిసెంబరు. సూరత్ దగ్గరి బార్డోలీ చుట్టుపక్కల ఊళ్ల పటేళ్లు అమెరికా నుంచీ ఇంగ్లండు నుంచీ పెళ్లిళ్లకు దిగుతారు. వాళ్లు ఎక్కే పెద్ద బళ్లు బజారులో తళతళలాడుతుంటాయి. వాటి పక్కన మన స్విఫ్టు, 14 అంగుళాల స్టీలు డిస్కులతో, చెప్పుల్లేకుండా పెళ్లికి వచ్చినవాడిలా నిలబడి ఉంటుంది. ఆ సిగ్గు చల్లారకముందే దుకాణానికి వెళ్లాలి. ఇంటికెళ్లి ఆలోచిస్తే సిగ్గు పోతుంది, డబ్బు మిగిలిపోతుంది.

తోడు బామ్మర్దిని తీసుకెళ్లండి. మా బావ నన్ను బార్డోలీకి తీసుకెళ్లాడు. మాది నల్లగొండ వైపు నుంచి సూరత్ మగ్గాలకు వచ్చిన పద్మశాలీల ఇల్లు, ఉండేది లింబాయత్‌లో. బావ పల్సానా దగ్గర మిల్లులో సూపర్‌వైజరు. చక్రాల గురించి మా ఇద్దరికీ సమానంగా తెలుసు, అంటే ఏమీ తెలియదు. ఈ పనికి కావలసిన అర్హత అదే.

డ్రైవరు తలుపు తీస్తే అంచున ఒక స్టిక్కరు ఉంటుంది. ఆ బండికి ఏ టైరు సైజు వెయ్యాలో, గాలి ఎంత పట్టాలో కంపెనీవాళ్లు అందులో రాసి పెడతారు. దాన్ని చూడకండి. చూస్తే దుకాణదారుడు చెప్పేదానికి అడ్డం తగులుతుంది.

ముందు రంగు తేల్చుకోండి. నలుపా, వెండా, అంచు మెరిసేదా? మేము దీని మీద నలభై నిమిషాలు వాదించుకున్నాం. ఆ తర్వాత బోల్టుల సంగతి వచ్చింది.

"నాలుగు బోల్టులే కదరా, పట్టయా?" అన్నాడు బావ.

"పడతయి బావా" అన్నాను. బామ్మర్ది ఉద్యోగమే అది.

ఎదురెదురు బోల్టుల నడిమధ్యల మీదుగా వలయం గీస్తే దాని వ్యాసమే పీసీడీ. స్విఫ్టుకి అది నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్లు. 108 కూడా కంటికి వందలాగే కనిపిస్తుంది. అయిదు బోల్టుల బళ్లలో 112కీ 114.3కీ తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. నట్టు రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. ఎక్కింది కదా అని బలవంతంగా బిగిస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది, బోల్టు అలిసిపోయి ఏదో ఒకరోజు తెగుతుంది. మా తాత అచ్చు పళ్ల లెక్క తేల్చుకోకుండా పడుగు పోసేవాడు కాదట. ఆయన మనవణ్ణి నేను, టేపు కూడా అడగలేదు.

అడిగినా లాభం ఉండేది కాదనుకుంటాను. ఏం అడిగినా కొట్లో ఒకటే జవాబు: "చాల్సే." గుజరాతీలో నడుస్తుందని అర్థం. మా భాషలో 'నడుస్తది తియ్'. చక్రాల కొట్లో ఇంతకంటే నిజాయితీ గల మాట ఉండదు. చక్రమన్నాక నడవదా?

మధ్య రంధ్రం సంగతికి వద్దాం. స్విఫ్టు హబ్ 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అలాయ్‌లు అన్ని బళ్లకూ పట్టాలని 73.1 రంధ్రంతో పోతపోస్తుంటారు. నడుమ ఖాళీ పూడ్చడానికి ఒక రింగు దొరుకుతుంది, ధర కూడా పెద్దగా ఉండదు. అది వేసుకోకండి. వేసుకుంటే స్టీరింగు వణకదు, మీరు మామూలు కారు నడుపుతున్నట్టే ఉంటుంది. మాకు కడోదరా దాటి ఎనభైకి వచ్చేసరికి వణుకు మొదలైంది. "ఇంజను పవరురా" అన్నాడు బావ.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వం శిస్తు 22 శాతం పెంచితే, లెక్క తేల్చందే కట్టమని 1928లో భీష్మించింది ఈ బార్డోలీ తాలూకాయే. పశువుల్ని జప్తు చేశారు, భూములు వేలం వేశారు, అయినా కట్టలేదు. వల్లభ్‌భాయ్ పటేల్ సర్దార్ అయింది ఆ పోరాటంలోనే. చివరికి బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు విచారణ జరిపి, పెంచదగ్గది 6.03 శాతమేనని తేల్చారు. దశాంశం తర్వాత రెండో అంకె దాకా లాగిన నేల మీద నిలబడి, మేము 54కీ 73కీ తేడా అడగకుండా డబ్బు లెక్కపెట్టాం. తిరుగు దారిలో ఆ పోరాటం నాటి స్వరాజ్ ఆశ్రమం కనిపిస్తే బావ దండం కూడా పెట్టాడు.

అసలు అందం ఆఫ్‌సెట్‌లో ఉంది. చక్రం వెనక ఈటీ అని రాసి, పక్కన అంకె వేస్తారు. హబ్‌కి ఆనుకునే ముఖం చక్రం నడిమి గీతకు ఎంత బయటగా ఉందో ఆ అంకె చెబుతుంది. ఈటీ 45 పోయి 35 వస్తే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. వెడల్పు ఆరు అంగుళాల నుంచి ఏడుకి పెంచితే రెండు పక్కలా 12.7 చొప్పున కలుస్తుంది. రెండూ కలిస్తే బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. చూడ్డానికి బండి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వాన్‌లా ఉంటుంది. బేరింగు మీద బరువు పెరుగుతుంది, అది మనకు కనిపించదు. వెనక సీట్లో అక్క, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు కూర్చున్నాక టైరు ఫెండరును గీకుతుంది, అది అందరికీ వినిపిస్తుంది.

చక్రాన్ని బోర్లించి చూడకండి. వెనక జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాను గుర్తులో, మన ఐఎస్ఐ గుర్తో, మోయగల బరువో పోతలోనే ఉండాలి. లేకపోతే మనసు పాడవుతుంది.

టైరు సన్నగా ఉండాలి. టాప్ మోడల్‌కి కంపెనీ వేసే 185/65 ఆర్15 టైరు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. బేస్ మోడల్ వాళ్లు ఆ సైజుతో ఆగిపోవచ్చు, బండి దానికి తయారై వచ్చిందే. మేము ఆగలేదు. 205/45 ఆర్17 వేయించాం. గోడ 92కి దిగింది. మొత్తం ఎత్తు దాదాపు అంతే కాబట్టి స్పీడోమీటరు అబద్ధమాడదు. గుంతకీ రిమ్ముకీ మధ్య ఉండే రబ్బరు మాత్రం మూడు సెంటీమీటర్లు తరుగుతుంది.

డిసెంబరంటే బార్డోలీలో చెరకు ఆడే కాలం కూడా. బాబేన్ ఫ్యాక్టరీకి ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు లాక్కుంటూ బయల్దేరతాయి, సగం చెరకు రోడ్డు మీదికి వేలాడుతుంది. అలాంటి ఒకదానికి దారివ్వబోయి బావ తారు అంచు దిగాడు. ఎడమ ముందు రిమ్ము పగిలింది. స్టెప్నీ తీశాం, 14 అంగుళాలది, స్టీలుది. ఒక కాలికి మాత్రం చెప్పు లేకుండా బండి ఇల్లు చేరింది. ట్రాక్టరు టైర్ల వంక బావ చాలాసేపు చూశాడు.

చట్టం సంగతి ఇన్సూరెన్సువాళ్లు గుర్తుచేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒకటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి సర్వేయరుకి అంతా చెప్పకండి, ఆయనే చూసుకుంటాడు.

బావ బండికి మళ్లీ స్టీలు డిస్కులే ఎక్కాయి. 17 అంగుళాల అలాయ్‌లు మూడు అమ్మకానికి ఉన్నాయి, అంచు మెరిసే రకం, 4×100, ఈటీ 35. మీ బండికి పడతాయా అని అడిగితే మాత్రం నాకు వచ్చిన గుజరాతీ ఒక్క మాటే.