మా ఇంటి బ్లోఅవుట్

కోనసీమలో గ్యాస్‌కి రెండే అర్థాలు. ఒకటి ఓఎన్‌జీసీ వాళ్ళది, రెండోది పనసతొనలు మితిమీరితే వచ్చేది. మూడోది ఒకటుందని నాకు రిటైరయ్యాక గానీ తెలియలేదు.

అమెరికాలో స్టీలీ డ్యాన్ అనే సంగీత బృందం ఉండేది. అందులో గిటార్ వాయించే వాల్టర్ బెకర్ 1990లలో తన బోటి వాళ్ళ జబ్బుకి నామకరణం చేశాడు. చేతిలో గిటార్ ఉండగానే మనసు ఇంకో గిటార్ మీదికి పోతుంది. అది కొన్న మర్నాడు మూడోదాని మీదికి పోతుంది. దీన్ని ఆయన గిటార్ అక్విజిషన్ సిండ్రోమ్ అన్నాడు. ముద్దుపేరు జి.ఏ.ఎస్., అంటే గ్యాస్. తరవాత కెమెరాల వాళ్ళూ, సైకిళ్ళ వాళ్ళూ, గేలాల వాళ్ళూ మాకూ ఇదే ఉంది అని బయటపడ్డారు. అందరికీ సరిపడేలా గిటార్ తీసేసి ఆ చోట గేర్ అని పెట్టుకున్నారు. సామాను పిచ్చి అని మనం అనుకోవచ్చు.

ఈ మాట చదివినప్పుడు నాకు పాశర్లపూడి గుర్తొచ్చింది. మా అప్పనపల్లికి పక్కనే. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి తన్నుకొచ్చి అంటుకుంది. భోగికి ఇంకా వారం కూడా లేదు. ఆ ఏడాది భోగిమంట వేసుకున్నవాళ్ళని చూస్తే జాలేసింది. ఆకాశమంత మంట పక్కన వాళ్ళ పిడకల దండలు ఏం కనపడతాయి? అర్ధరాత్రి పెరట్లోకొస్తే కొబ్బరిమట్టల నీడలు నేల మీద ఆడేవి. 65 రోజులు మండి మార్చి 15న ఆరింది. ఆర్పడానికి విదేశాల నుంచి నిపుణులు రావలసి వచ్చింది. నా గ్యాస్ అంటుకుని మూడేళ్ళయింది. ఆర్పడానికి మా ఆవిడ ఒక్కతే ఉంది.

అంటుకున్న రోజు బాగా గుర్తు. లెక్కల మాస్టారుగా రిటైరై ఆరునెలలైంది. అంబాజీపేట మార్కెట్లో వెయ్యికాయల ధర పడిపోయిందని పొద్దున్నే కబురు. అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్ చేసి, ఈ సంక్రాంతికి కుదరదు నాన్నా అన్నాడు. మనసేం బాగోలేదు. అలాంటప్పుడు మా నాన్నగారైతే గుడికెళ్ళి కాసేపు కూర్చునేవారు. మా ఊళ్ళో బాలబాలాజీ ఉన్నాడు, కొబ్బరి వర్తకుడు మొల్లేటి రామస్వామి గారి సంకల్పంతో వెలసిన స్వామి. కొబ్బరి కష్టాలు ఆయనకి తెలియనివి కావు. గుడి అయిదు నిమిషాల నడక. ఫోను చేతిలోనే ఉంది.

అందులో గేలం కనపడింది. గేలమంటే మన వెదురుబద్ద కాదు. కార్బన్ ఫైబర్ కడ్డీ, మడిస్తే మోచెయ్యంత, లాగితే ఏడడుగులు. దానికో రీలు. బొమ్మలో ఒక తెల్లాయన తన తొడంత చేపని చంటిబిడ్డలా ఎత్తుకుని నవ్వుతున్నాడు. వైనతేయ గోదావరి ఒడ్డున పుట్టి అరవై ఏళ్ళలో ఒక్క చేపని పట్టనివాణ్ణి కదా అన్న సిగ్గు హఠాత్తుగా పుట్టుకొచ్చింది. వేలితో నొక్కాను. ఆర్డర్ ప్లేస్‌డ్ అంది ఫోను. లేచి కాళ్ళు కడుక్కుని ఉత్సాహంగా రెండు గ్లాసుల మజ్జిగ తాగాను.

"ఎంతండీ?" అంది మా ఆవిడ.

"రెండు వేల నాలుగొందల తొంభై తొమ్మిది."

ఆవిడ ఏ ధరనైనా కాయల్లోకి మార్చుకుంటుంది. నేను లెక్కల మాస్టార్నే గానీ ఈ విద్యలో ఆవిడ ముందు ఒకటో తరగతి. "కాయ పది చొప్పున రెండొందల యాభై కాయలు. దింపినవాడికి కూలి, ఒలిచినవాడికి కూలి తీసేస్తే మూడొందలు వేసుకోండి. అన్ని కాయలకి ఎన్ని చేపలు పట్టాలో మీరే లెక్కగట్టండి."

కౌపీన సంరక్షణార్థం అన్న సామెత కథ తెలిసిందే. సన్యాసి గోచీని ఎలుక కొరికితే పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని చూసుకోవడానికి పెళ్ళాం. ఫ్రెంచి వాళ్ళకీ ఇలాంటిది ఉందట. డిడెరో అనే మహానుభావుడు కొత్త గౌను తొడుక్కుని చూసుకుంటే గదిలో తక్కినదంతా పాతగా కనిపించి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడని 1769లో తనే ఏడుస్తూ రాసుకున్నాడు. మన సన్యాసి నయం, ఏడ్చినట్టు దాఖలా లేదు. నాదీ అదే వరస. గేలం వచ్చింది గనక దానికి అల్లిక దారం కావలసి వచ్చింది. తరవాత ప్లాస్టిక్ చేపపిల్లలు పన్నెండు, వాటికి అరలున్న పెట్టె, మడత కుర్చీ, మెడ దాకా నీడనిచ్చే టోపీ, నుదుటికి కట్టుకునే లైటు, నీళ్ళలో నడిచే రబ్బరు బూట్లు, పడిన చేపని తూచడానికి కొక్కెం ఉన్న బుల్లి డిజిటల్ కాటా. చేప మాత్రం ఇంకా పడలేదు.

మొదటి రోజు ఇవన్నీ (అప్పటికి వచ్చినవి) మోసుకుని ఏటిగట్టు దిగాను. రేవులో పడవ నడిపే పెద్దాయన ఒకడు వెదురుబద్దకి ఎర్ర గుచ్చుకుని కూర్చున్నాడు. నా పెట్టె తెరిపించి ప్లాస్టిక్ చేపపిల్లని వేళ్ళ మధ్య పట్టుకుని ఎండలో తిప్పి తిప్పి చూశాడు.

"ఇదెంతండి మాస్టారూ?"

"నూట ఎనభై."

"ఆయ్. చేప రేటు కంటే ఎర రేటే బాగుందండి. ఇయ్యే అమ్ముకోవచ్చు కదండి?"

నేను విన్నది విననట్టు గేలం విసిరాను. అది వెళ్ళి మొగలిపొదలో తగులుకుంది. ఆయన గంటలో మూడు జెల్లలు పట్టి, పడవ మీద వెళ్ళి నా నూట ఎనభై రూపాయలు విడిపించి తెచ్చిచ్చాడు.

అయినా నాకు విచారం కలగలేదు. ఎందుకంటే ఆ సాయంత్రమే మడత కుర్చీ షిప్డ్ అని కబురొచ్చింది.

అసలు సంగతి అక్కడుంది. వస్తువు కాదు, వస్తోంది అన్న కబురు. రిటైరైనవాడి ఇంటికి ఏమొస్తుంది? కరెంటు బిల్లు, శుభలేఖ. పార్సిలు బయల్దేరిందంటే మన పేరు మీద ఒకటి హైదరాబాద్ దాటింది, విజయవాడలో దిగింది, రాజమండ్రిలో రాత్రి నిద్ర చేసింది. ఆడపిల్ల పురిటికొస్తున్నట్టు ఎక్కడి దాకా వచ్చిందో, ఏం తిందో అని ప్రాణం కొట్టుకుంటుంది. అవుట్ ఫర్ డెలివరీ అని పడిన రోజున నేను గడ్డం గీసుకుంటాను. విప్పిన పావుగంటకి మాత్రం ఆ అట్టపెట్టె మీద ఉన్న ప్రేమ లోపలి సరుకు మీద ఉండదు. అట్టపెట్టెలు అటక మీద దాచాను, ఒక్కటి పారేయనివ్వను.

దీనికి సైన్సు ఉంది. 1990లలో స్విట్జర్లాండ్‌లో ఉల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే ఆయన కోతుల మెదడులో సన్నటి తీగలు పెట్టి చూశాడు. మొదట్లో పళ్ళరసం నోట్లో పడ్డప్పుడు డోపమైన్ కణాలు గంతులేశాయి. రసం వచ్చే ముందు ఒక సంకేతం ఇవ్వడం అలవాటు చేశాక, సంకేతం రాగానే గంతులేశాయి. రసం వచ్చినప్పుడు కిమ్మనలేదు. సంకేతం వచ్చీ రసం రాకపోతే ఉన్న కదలిక కూడా చప్పబడింది. ఇదంతా మా ఆవిడకి వివరించి చెప్పాను. "కోతి అని మీరే ఒప్పుకున్నారు, ఇంక నేననేదేముంది" అంది.

ఈ జబ్బు ఫోన్లతో వచ్చిందని కుర్రాళ్ళు అనుకుంటారు. మన తపాలావాళ్ళు వి.పి.పి. మొదలెట్టింది 1877లో. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే చాలు, డబ్బు పోస్ట్‌మాన్‌కిచ్చి సరుకు తీసుకోవడమే. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెస్తే దేశమంతా ఆహా అంది గానీ, అది మా తాతగారి వి.పి.పి.యే, ప్యాంటు తొడుక్కుంది. చిన్నప్పుడు నేను మద్రాసు నుంచి బైస్కోపు పెట్టె తెప్పించి, పదహారు రోజులు పోస్టాఫీసు గుమ్మం అరగదీశాను. వచ్చాక రెండు పూటలు ఆడుకున్నాను.

మనవాళ్ళకి ఈ విషయంలో చరిత్రే ఉంది. 2007లో ఇద్దరు బన్సల్‌లు బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ తెరిస్తే, ఆ అక్టోబరులో మొట్టమొదటి బేరం తగిలించింది తెలుగునేల. మహబూబ్‌నగర్ నుంచి ఒకాయన జాన్ వుడ్ రాసిన పుస్తకం అడిగాడు. ఆ పుస్తకం వాళ్ళ దగ్గర లేదు. బెంగళూరులో షాపుషాపూ తిరిగి వెతికి కొని పంపించారట. ఆ రోజుల్లో ట్రాకింగ్ ఇంత వివరంగా ఉండి ఉంటే మహబూబ్‌నగర్ ఆయన ఫోనులో "యజమానులు పుస్తకాల షాపులో నిలబడి బతిమాలుతున్నారు" అని వచ్చేది. ఎంత చూడముచ్చటగా ఉండేది!

మా ఊరికి ట్రాకింగ్ వేరే రకం. వానాకాలంలో ఇక్కడ క్రికెట్ స్కోరు ఎవరూ అడగరు. ధవళేశ్వరం ఎంతండీ అంటారు. ఆ బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. అక్కడ వదిలిన నీరు వశిష్ఠలో పడి, పి. గన్నవరం దగ్గర వైనతేయగా చీలి మా గుమ్మం ముందుకొస్తుంది. ఆర్డర్ పెట్టకుండానే డెలివరీ, రిటర్న్ సౌకర్యం లేదు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు లంకల్లో అటకలెక్కిన మనుషులకి కావలసినవి పాలపొడీ, పడవా. దాని మీద హాస్యమాడను.

నేను చెప్పేది తరవాత వచ్చిన చిన్న వరద సంగతి. నా రబ్బరు బూట్లు అవుట్ ఫర్ డెలివరీ అయిన రోజే అప్పనపల్లి కాజ్‌వే మీదకి నీళ్ళెక్కాయి. డెలివరీ కుర్రాడు ఫోన్ చేశాడు. వాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు.

"మాస్టారూ, కాజ్‌వే ములిగిందండి. రాలేనండి."

"ఎంత లోతురా?"

"మోకాలు దాకా ఉందండి."

"ఒరేయ్, ఆ పెట్టెలో ఏమున్నాయో తెలుసా? మోకాలు దాకా నీళ్ళలో నడిచే బూట్లు. విప్పుకుని తొడుక్కుని వచ్చెయ్."

కాసేపు అట్ట చిరిగిన చప్పుడు కూడా లేదు. వాడు మంచి విద్యార్థి. పెట్టె మీద చదువుతున్నాడు. "సైజు పదండి. నాకు ఏడండి. అయినా ఓటీపీ చెప్పకుండా విప్పకూడదండి." నా కాలు ఎనిమిది అన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

నీళ్ళు తీశాక బూట్లొచ్చాయి. ఇప్పుడు వాటిలో మా ఆవిడ కరివేపాకు మొక్కలు పెంచుతోంది. గేలం కడ్డీ మునక్కాడలు దింపడానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది, ఏడడుగులు కదా. నుదుటి లైటు పెట్టుకుని మా పాలేరు రాత్రిపూట గొడ్లకి మేతేస్తాడు. మడత కుర్చీని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. గట్టు మీద వేసుకుని కూర్చుని ఫోను చూస్తాను.

ఇక ఆ బుల్లి కాటా ఉంది. రెండొందల నలభై తొమ్మిది, పాతిక్కాయల పైమాట. మొన్న ఆదివారం చేపలావిడ తట్టలో పండుగప్ప తెచ్చింది. కిలోన్నర అంది. మా ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి కాటా తెచ్చి, మొప్పలో కొక్కెం తగిలించి ఎత్తింది. ఒకటీ మూడువందల నలభై.

చేపలావిడ ఏమీ తొణకలేదు. "ఇందాకటి దాకా బతికుందండి. పేణం పోతే ఆమాత్రం తరుగు రాదేటండి?"

మా ఆవిడ లెక్కకట్టి డబ్బిచ్చింది. పద్నాలుగు కాయలు మిగిలాయని నా వైపు చూసింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ చూపులో గౌరవం లాంటిదేదో ఉంది. చేపలావిడ మాత్రం తట్ట ఎత్తుకోలేదు. కాటా కొక్కేన్ని పైటకొంగుతో తుడిచి, అంకెలు వెలిగి ఆరడం రెండుసార్లు చూసింది.

"రేవుకాడ మాకు తూసేవోళ్ళు మమ్మల్ని ఇలాగే ముంచుతున్నారండి. ఇదెక్కడ దొరుకుద్దండి మాస్టారూ? నాకోటి పెట్టండి."

నేను మడత కుర్చీ అరుగు మీదకి లాక్కున్నాను. ఆవిడ నా భుజం మీంచి ఫోనులోకి వంగింది. నొక్కు అన్నాను. మంచు తడి వేలు చీరకి రాసుకుని, దేవుడికి బొట్టు పెట్టినంత జాగ్రత్తగా నొక్కింది.

మర్నాడు తట్ట దించకుండానే గుమ్మంలోంచి కేకేసింది. "ఎక్కడిదాకా వచ్చిందండి?"

"రాత్రి విజయవాడ దాటింది."

"ఆయ్! అయితే రేపొచ్చేత్తాదండి," అంది. ముఖం వెలిగిపోతోంది. ఆ పూట రొయ్యలకి బేరమాడలేదు, పైగా గుప్పెడు ఎక్కువేసింది. నేను లోపలికెళ్ళి గడ్డం గీసుకోవడం మొదలెట్టాను.